రామనగరం మామ్మ

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత రోజుల చరిత్ర ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు ఉత్తరం వ్రాశారు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను వ్రాసినవన్నీ ఆఫీసు నోట్లే. చరిత్ర వ్రాసే అర్హత నాకు లేదు. అయినా చరిత్రను కళ్ళారా చూసిన ఒక మనిషి దగ్గర పెరిగాను గనుక ఆమెను గురించి నాలుగు మాటలు వ్రాస్తే సోదర పెన్షనర్లకు, వారి ఇంట్లోని పిల్లలకు కాలక్షేపంగానైనా ఉంటుందని ఈ సాహసం చేస్తున్నాను.

ఆమె మా నాయనమ్మ. చీరాల దగ్గర పేరాలలో పుట్టి, చీరాలలోనే కాపురం చేసి, 2002 ఫిబ్రవరిలో ఆ ఇంట్లోనే కన్నుమూసింది. చదువు లేదు. వేలిముద్రే. వీధిలో చిన్నా పెద్దా ఆమెను ‘రామనగరం మామ్మ’ అని పిలిచేవారు. రామనగరం ఎక్కడుందని కొత్తవాళ్ళు అడిగితే, “ఇప్పుడు లేదు నాయనా, పదకొండు నెలలే ఉంది” అనేది.

ముందుగా ఆమె వయసు సంగతి తేల్చాలి. ఈ వ్యాసంలో అసలు గొడవంతా దాని దగ్గరే ఉంది. ఆమె పుట్టుకకు కాగితం లేదు. ఉన్నదల్లా వాళ్ళమ్మ చెప్పిన మాట: “తోకచుక్క కనబడిన మరుసటి నెల, సాధారణ నామ సంవత్సరంలో పుట్టావు.” నేను ఉద్యోగంలో చేరిన తరువాత గుమాస్తా బుద్ధి కొద్దీ దీనిని సరిచూశాను. 1910లో జనం చూసిన తోకచుక్కలు రెండు. ఒకటి జనవరిలో వచ్చింది. రెండవది హేలీ తోకచుక్క, అది వేసవిలో, ఏప్రిల్ మే నెలల్లో కనిపించింది. జనవరి నాటికి ఇంకా సౌమ్య నామ సంవత్సరమే నడుస్తోంది. సాధారణ ఆ ఏటి ఉగాదితో మొదలయింది. కనుక ఆమె చెప్పేది హేలీ తోకచుక్కే. పుట్టింది 1910 జూన్ ప్రాంతం. ఏ రిజిస్టరూ లేకుండా ఒక తోకచుక్క, ఒక పంచాంగం కలిసి ఇంత కచ్చితంగా లెక్క చెప్పాయంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అదే తోకచుక్క 1986లో మళ్ళీ వచ్చినప్పుడు మేడ మీదికి తీసుకుపోయి చూపించబోయాము. సరిగా కనిపించలేదు. “నన్ను చూసి సిగ్గుపడిందిలే” అని మెట్లు దిగింది.

ఇక రామనగరం. చీరాల, పేరాల గ్రామాలు, చుట్టుపక్కల పేటలు కలిపి అంతకు ముందు ఒక యూనియన్‌గా ఉండేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం వీటిని మునిసిపాలిటీ చేయడానికి పూనుకుంది. జనం ఒద్దు మొర్రో అన్నారు, అర్జీలు పెట్టుకున్నారు. కారణం పన్ను. యూనియన్ నాడు ఏడాదికి నాలుగు వేల రూపాయలు వసూలయ్యే చోట మునిసిపాలిటీ రావడంతో పన్ను దాదాపు పదింతలయిందని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. అక్కడి వారిలో ఎక్కువమంది మగ్గం మీద బతికేవాళ్ళు, కూలి నాలి చేసుకునేవాళ్ళు. ఈ జనానికి నాయకుడుగా నిలిచినవారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, ఆనంద కుమారస్వామి గారితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషు చేసిన పండితుడు. అటువంటివాడు వచ్చి సాలెవాళ్ళ వీధుల్లో కూర్చున్నాడు. రామదండు అనే సేవాదళాన్ని తయారు చేశాడు. కాషాయం కట్టి, మెడలో రుద్రాక్షలు వేసుకుని వాళ్ళు వీధిలో పోతుంటే పిల్లలందరం వెంటపడేవాళ్ళమని మా నాయనమ్మ చెప్పేది. పన్ను కట్టనన్నందుకు కొందరిని జైలుకు పంపారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అది ముగిశాక గాంధీగారు ఏప్రిల్ 6న చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా నిలబడి వచ్చిన కష్టం భరించడం ఒక దారి, ఊరే ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటిపోవడం ఇంకొక దారి అని చెప్పారు. జనం రెండవ దారి పట్టారు. మనలో రెవెన్యూ, మునిసిపల్ శాఖల్లో పనిచేసినవారికి ఈ ఎత్తులోని తమాషా వెంటనే బోధపడుతుంది. హద్దులో మనిషే లేకపోతే డిమాండు నోటీసు ఎవరికి అందించాలి? ఆ నెలాఖరుకు పదిహేను వేల జనాభాలో సుమారు పదమూడు వేలమంది ఇళ్ళకు తాళాలు వేసి బయటికి నడిచారని వ్రాసి ఉంది. హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు.

పుస్తకాలలో దొరికేది సాధారణంగా ఇంతవరకే. ఇకమీద వ్రాసేదంతా మా నాయనమ్మ నోట విన్నది.

ఆమెకు అప్పుడు పదకొండో ఏడు. వాళ్ళ ఇంట్లో రెండు గుంటమగ్గాలు. చీరాల రుమాళ్ళు నేసేవారు. తేలియా రుమాలు అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. ఆముదపు కాయల బూడిద నీళ్ళలో, నూనెలో నూలును రోజుల తరబడి పిసికి, ఆరబెట్టి, మళ్ళీ పిసికి, ఆపైన అక్కడక్కడా కట్టి ఎరుపు నలుపు రంగుల్లో ముంచి నేసే బట్ట. ఓడల మీద అరబ్బు దేశాలకు పోయేది. బర్మాకూ పోయేది. తరువాతి కాలంలో ఆ పని నల్గొండ వైపు పుట్టపాకలో నిలిచింది. చీరాలలో మాత్రం మెల్లగా కనుమరుగయింది. మా నాయనమ్మ చేతులకు ఆ నూనె వాసన చివరిదాకా ఉన్నట్టే నాకు అనిపించేది. ఆమె ఆ పని మానేసి అప్పటికి ఎన్నో ఏళ్ళు.

ఇల్లు విడిచిపోవడం పెద్ద కష్టం కాదట. గిన్నెలు, గోనెలు, మంచాలు బండ్ల మీద వేస్తే పోతాయి. మగ్గం మాటేమిటి? గుంటమగ్గానికి గుంట కావాలి, నేసేవాడు అందులో కాళ్ళు పెట్టి తొక్కాలి. రామనగరం నేల ఇసుక. గుంట తవ్వితే మధ్యాహ్నానికి పూడిపోయేది. వాళ్ళ నాన్న, చిన్నాన్న కలిసి తాటి దుంగలు చీల్చి గుంట చుట్టూ నిలబెట్టి, వెనకాల బంకమట్టి కూరి, మగ్గం నిలబెట్టేసరికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ ఇంట్లో రాబడి లేదు. మగ్గం ఆగితే పొయ్యి ఆగినట్టే. ఆడవాళ్ళు పాక ముందు తాటాకుల నీడలో కూర్చుని చిలపలు విప్పి రాట్నం మీద కండెలు చుట్టేవారు. గాలికి ఇసుక లేచి నూలుకు అంటుకునేది, పడుగుకు గంజి పెడితే ఆ గంజిలో ఇసుక. “అన్నంలో ఇసుక వస్తే ఉమ్మేస్తాం, నూలులో వస్తే ఏం చేస్తాం?” అనేది. దారం తెగడం, మళ్ళీ అతకడం. అతికే పని చిన్న పిల్లలది, వాళ్ళ వేళ్ళు సన్నగా ఉంటాయి గదా.

నీళ్ళకు చెలమలు తవ్వుకున్నారు. వంతుల కోసం తగాదాలు వస్తే పంచాయతీలో తేల్చుకునేవారు. పోలీసు కోర్టు గుమ్మం ఎవరూ తొక్కలేదని గొప్పగా చెప్పేది. శ్రావణమాసంలో అక్కడే, తాటాకు పందిట్లో ఆమె పెళ్ళి జరిగింది. దుర్మతి నామ సంవత్సరం. పదకొండేళ్ళకు పెళ్ళేమిటని ఈ కాలపు పిల్లలు ముక్కు మీద వేలు వేసుకుంటారు. శారదా చట్టం అమలులోకి వచ్చింది 1930 ఏప్రిల్‌లో. అంతవరకు అది మామూలే. మా తాతకు పదహారు. ఆయన అన్నగారు రామదండులో ఉండేవాడు. పెళ్ళికి వచ్చినవాళ్ళు చదివింపులకు బదులు ఒక్కొక్కరూ నాలుగేసి తాటాకులు తెచ్చి పాక మీద కప్పి పోయారట. ఇది నిజమా, ముసలావిడ కల్పనా అని చిన్నప్పుడు మేము వాదించుకునేవాళ్ళం. నాకు నిజమనే తోస్తుంది. కల్పించేవాళ్ళు బంగారం కల్పిస్తారు, తాటాకులెందుకు కల్పిస్తారు?

ఆ ఏడాదే గోపాలకృష్ణయ్య గారిని బరంపురంలో అరెస్టు చేసి, ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, డబ్బు లేదు, వానలు వచ్చాయి. మొత్తం మీద పదకొండు నెలలు గడిపి జనం ఎవరిళ్ళకు వాళ్ళు తిరిగి వచ్చారు. గోపాలకృష్ణయ్య గారు 1928లో, నలభై ఏళ్ళయినా నిండకుండానే పోయారు. ఆ సంగతి వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ, “మహానుభావుడు, మమ్మల్ని ఇసుకలో కూర్చోబెట్టి తాను జైల్లో కూర్చున్నాడు” అనేది. అందులో భక్తి ఎంత, దెప్పు ఎంత అన్నది నేను తేల్చలేను.

ఆ తరువాత ఎనభై ఏళ్ళ జీవితాన్ని గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది మన అందరి ఇళ్ళల్లోనూ ఉన్నదే. ఏడు కాన్పులు, నలుగురు దక్కారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నూలు దొరక్క మగ్గాలు పడుకున్నాయి. తాత కొన్నాళ్ళు పొగాకు బేరన్లలో కూలికి పోయాడు. 1952లో మొదటిసారి ఓటు వేసింది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చినప్పుడు ఆమె లెక్క వీధిలో ప్రసిద్ధమయింది. “అణాకు ఆరు పైసలన్నారు, నాలుగు అణాలకు ఇరవై నాలుగు కావాలి. పావలాకు ఇరవై అయిదంటున్నారు. అణాలుగా తీసుకుంటే ఆ పైసా ఎవడు తింటున్నట్టు?” అని కొట్టువాడిని నిలదీసేది. తాత 1966లో పోయాడు. మద్రాసు రాష్ట్రం, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆపైన ఒంగోలు జిల్లా, దానికే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు. ఆమె గడప దాటకుండానే ఇన్ని చిరునామాలు మారాయి. 2022లో చీరాలను బాపట్ల జిల్లాలో కలిపారు. అది చూడలేదు పాపం.

1972లో స్వాతంత్ర్య రజతోత్సవాల సందర్భంగా కేంద్ర ప్రభుత్వం సమరయోధుల పింఛను పథకం పెట్టింది. రామదండులో పనిచేసిన పెద్ద తాత దరఖాస్తు చేసుకున్నాడు. నేను అప్పుడే ఎల్.డి.సి.గా చేరి ఉన్నాను, అర్జీ నేనే వ్రాసిపెట్టాను. జైలు సర్టిఫికెట్ జతపరచలేదని తిరిగి వచ్చింది. ఆరు నెలల జైలు శిక్ష అన్నది నిబంధన. ఆయన జైలుకు వెళ్ళలేదు. తన ఇల్లు తానే వదిలి పదకొండు నెలలు ఇసుకలో ఉన్నవాడికి ఆ పథకంలో ఏ కాలమూ సరిపోలేదు. ఫైలు చూసిన గుమాస్తాను నేను తప్పు పట్టను. ఆ సీటులో నేనున్నా అదే వ్రాసి ఉండేవాణ్ణి. నాయనమ్మ మాత్రం విని, “జైల్లో అయితే సర్కారు వాళ్ళే రెండు పూటలా పెడతారు. మాకెవరు పెట్టారురా?” అంది. దానికి సమాధానం ఏ జి.ఓ.లోనూ నాకు కనబడలేదు.

1977 నవంబరు 19 శనివారం నాటి తుఫాను సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తుఫాను తీరం దాటింది చీరాల ప్రాంతంలోనే. ఉప్పెన వచ్చి దివిసీమను ముంచేసింది. వేలమంది పోయారు. నేను సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాను. మా పెంకుటిల్లు గట్టిది కాబట్టి చుట్టుపక్కల పాకల్లోవాళ్ళు ముప్పైమంది దాకా మా ఇంట్లో చేరారు. దీపం నిలవడం లేదు, పెంకులు ఎగిరిపోతున్నాయి. మగ్గం గుంటలో మోకాలి లోతు నీళ్ళు. పసిపిల్ల ఒకతె జ్వరంతో మూలుగుతుంటే నాయనమ్మ ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని తెల్లవార్లూ కూర్చుంది. ఆ చీకట్లో, ఎవరూ అడక్కుండానే, అంతవరకు మాకెవరికీ చెప్పని మాట చెప్పింది. రామనగరంలో ఆశ్వయుజ మాసపు వానల్లో పాక కురిసి, రెండేళ్ళ తమ్ముడికి జ్వరం తగిలిందట. మూడు రోజులకు పోయాడు. వాళ్ళమ్మ ఏడుస్తూ ఊళ్ళోని ఇంటికి పోదామంటే, వాళ్ళ నాన్న ఆ పూట ఏమీ మాట్లాడక, మర్నాడు మగ్గమెక్కాడట. “మనింటికి తాళం ఉంది, లోపల వాన కురవదు, నడిస్తే అరగంట” అంది. ఇంకేమీ అనలేదు. తెల్లవారేసరికి ఆ పసిపిల్లకు జ్వరం తగ్గింది. ఇప్పుడు ఆమెకు మనుమలున్నారు.

ఇక వయసు గొడవ. 1995 ప్రాంతంలో ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులు ఇచ్చారు. మనలో సగంమందిమి ఆ డ్యూటీ చేసినవాళ్ళమే. ఇంటింటికీ తిరిగి, ముసలివాళ్ళ ముఖం చూసి అంచనాగా ఒక అంకె వేసుకోవడమూ మనకు తెలిసినదే. మా నాయనమ్మ పళ్ళు గట్టివి, నడుము వంగలేదు. ఆ వ్రాసిన అబ్బాయి 75 వేశాడు. కార్డు వచ్చాక మా అమ్మాయి చదివి వినిపించింది. ముసలావిడ కాసేపు వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. “ఒరేయ్ అబ్బాయ్, దీని ప్రకారం రామనగరం పోయినప్పుడు నేను చంకలో పిల్లనా? మరి ఆ పందిట్లో పెళ్ళెవరికయింది?” అంది.

ఓటుకు ఇబ్బంది లేదు, పదేళ్ళు తక్కువ పడితే నష్టమేమిటని ఇంట్లో అందరూ అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. “సర్కారు కాగితం మీద నా వయసు పడడం ఇదే మొదలు. మొదటిదే అబద్ధమా?” నేను ఫారం 8 తెచ్చి నింపాను. ఆధారం అనే చోట వ్రాయడానికేమీ లేదు. సరే, ఆమెనే రిక్షా ఎక్కించి ఆఫీసుకు తీసుకువెళ్ళాను. అక్కడి అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమెను కూర్చోబెట్టి, “మీ వయసు ఎలా తెలుసు మామ్మగారూ?” అని అడిగాడు. ఆమె తోకచుక్క దగ్గర మొదలుపెట్టింది. గాంధీగారు, ఇసుక, తాటి దుంగలు, పందిరి, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది. తమ్ముడి మాట చెప్పలేదు. అవతల జనం వరుసలో నిలబడి వింటున్నారు. అరగంట తరువాత ఆయన కలం తీసి, “1995 జనవరి ఒకటి నాటికి అంటే ఎనభై నాలుగు నిండి ఎనభై అయిదు నడుస్తోంది, కదండీ?” అని నన్ను అడిగాడు. లెక్క సరిగ్గా ఉంది. 84 అని వ్రాసి సంతకం చేశాడు.

సవరణ అనుబంధ జాబితాలో ఎక్కింది. కార్డు మాత్రం మార్చి ఇవ్వలేదు, దాని మీద 75 అలాగే ఉండిపోయింది. ఆమె ఆ కార్డును పోపుల పెట్టె అడుగున వేసింది. అనుబంధ జాబితా నకలు ఒకటి నేను సంపాదించి ఇస్తే దానిని మాత్రం పట్టుచీర మడతలో దాచుకుంది. చదవలేదు గదా, ఏ వరసలో తన పేరుందో నా చేత పెన్సిలుతో గీత గీయించుకుంది.

2002లో ఆమె పోయినప్పుడు మరణం నమోదు చేయించడానికి నేనే వెళ్ళాను. ఇరవై ఒక్క రోజుల లోపల చేయించాలి, ఆ విషయంలో మన శాఖవాళ్ళం ఆలస్యం చేయం. వయసుకు రుజువు అడిగితే ఇంట్లోవాళ్ళు ముందు కార్డే తీశారు. కార్డు ప్రకారం 82. నేను జాబితా నకలు పెట్టాను. అక్కడి గుమాస్తా రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కొంతసేపు చూశాడు. పై అధికారిని అడిగి వచ్చి, 91 వేశాడు. ఆ సర్టిఫికెట్ మా ఇంట్లో ఉంది. పెన్సిలు గీత ఉన్న నకలు కూడా ఉంది, మడతల దగ్గర చిరిగింది. కండెల రాట్నం మా పినతండ్రి కూతురింట్లో ఉంది. వాళ్ళిప్పుడు మోటారు మీద కండెలు చుట్టుకుంటున్నారు, అది అటక మీద ఉంది.

రామనగరాన్ని కళ్ళతో చూసినవారు ఇప్పుడెవరూ బతికి ఉండే అవకాశం లేదు. కాని చీరాల, పేరాల, వేటపాలెం, జాండ్రపేట ప్రాంతాలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళల్లో ఆనాటి పన్ను రసీదు, డిమాండు నోటీసు, ఉత్తరం, ఫోటో ఏదైనా ఉంటే పారవేయకండి. పెద్దలు చెప్పగా విన్నదేదైనా ఉంటే ఒక తెల్లకాగితం మీద వ్రాసి, మీ పేరు, పి.పి.ఓ. నెంబరు వేయకపోయినా ఫర్వాలేదు, సంఘం కార్యాలయానికి పంపించగలరు. నేను ప్రతి మంగళవారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు అక్కడే ఉంటాను.